మన కాలనీ సంఘాన్ని తరచుగా అడిగే ప్రశ్నలు – కర్నూలు

ఉదయం ఉగ్గాని బజ్జీ కట్టించుకుంటుంటే ఒకరు, సాయంత్రం వాకింగ్‌లో ఇంకొకరు, రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్లో మరొకరు. అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్నలు మాత్రం అవే. కార్యదర్శిగా ఇది నాకు నాలుగో ఏడాది. చెప్పిందే చెప్పడం నాకూ విసుగే, వినడం మీకూ విసుగే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మనది హంద్రీ నదికి ఇవతల, కల్లూరు వైపు కాలనీ కాబట్టి ఇక్కడి సంగతులే ఎక్కువ. అయినా కర్నూల్లో ఏ కాలనీవాళ్ళకైనా చాలావరకు పనికొస్తాయి. తిట్టాలనుకున్నవాళ్ళు మొత్తం చదివాక తిట్టండి.

సంఘం ఉండి ఏం లాభం? మీకసలు ఏ అధికారం ఉంది?

ఏ అధికారమూ లేదు. ఏడుగురు కలిసి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకుంటే సంఘం అయిపోతుంది. మనదీ అంతే. మేము ఎవరికీ జరిమానా వేయలేం, ఎవరి కొళాయీ కోయలేం, రోడ్డు మీదికి జరిగిన మెట్లు పగలగొట్టించలేం. మా దగ్గర ఉన్నదల్లా ఒక లెటర్‌ప్యాడు, ఒక రబ్బరు స్టాంపు, ఒక నీలం ఫైలు.

ఆ నీలం ఫైలే అసలు ఆస్తి. మూడో లైను మూలలో కాలువ మీద బేతంచెర్ల బండ విరిగి, స్కూటీ చక్రం పట్టేంత సందు పడింది, గుర్తుందా? దాదాపు ఏడాది పాటు కనబడిన ప్రతి ఆఫీసరుకూ నోటితో చెప్పాం. అందరూ తల ఊపారు. చివరికి టేపు పెట్టి కొలిచి, మూడడుగుల పొడవు రెండడుగుల వెడల్పు అని రాసి, ఫోటో అంటించి అర్జీ ఇచ్చాం. రెండో కాపీ మీద 'అందినది' అని స్టాంపు వేయించుకున్నాం. పని వెంటనే కాలేదు. పదిహేను రోజులకోసారి ఆ స్టాంపు కాపీ జిరాక్సు పట్టుకుని మళ్ళీ పోయాం. నాలుగోసారి పోయేసరికి కొత్త బండ వచ్చింది. నోటిమాటకు నెంబరు ఉండదు, అర్జీకి ఉంటుంది. ఆ నెంబరు వెంట తిరగడమే సంఘం పని.

ఏ సమస్యకు ఎవరి దగ్గరికి పోవాలి?

మొదటి గడప వార్డు సచివాలయం. 2019 అక్టోబర్‌లో మొదలైనప్పటి నుంచి అక్కడ ఒక్కో పనికి ఒక్కో సెక్రటరీ ఉన్నారు. నీళ్ళు, రోడ్డు గుంతలు, వీధి దీపాలైతే అమెనిటీస్ సెక్రటరీ. చెత్త, కాలువ, దోమలైతే శానిటేషన్ సెక్రటరీ. ఆక్రమణలు, ఇంటి ప్లాన్లు అయితే ప్లానింగ్ సెక్రటరీ. ఊరికే పోయి "మా వీధిలో సమస్య ఉంది సార్" అంటే ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్లకు తిప్పుతారు. ఎవరిని కలవాలో తెలుసుకుని పోతే అరపూట మిగులుతుంది.

కరెంటు కార్పొరేషన్‌ది కాదు. మనం కరెంటు పంపిణీ చేసే కంపెనీ ఎస్పీడీసీఎల్ కింద ఉన్నాం. ఫిర్యాదుకు 1912, రాత్రైనా పగలైనా. బిల్లు మీద ఉండే సర్వీసు నెంబరు చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి, మొదట అదే అడుగుతారు. వీధి దీపం వెలగలేదని లైన్‌మ్యాన్‌ను పట్టుకుని తిట్టకండి, అది ఆయన పని కాదు. తీగ తెగి కింద పడితే మాత్రం ఎవరి పని అని వాదించుకోవద్దు. పిల్లల్ని, గొడ్లను దగ్గరికి పోనీయకుండా ఒకరు నిలబడండి, ఇంకొకరు 1912కు చేయండి.

ఇంట్లో కూర్చుని అర్జీ పెట్టాలంటే 'మన మిత్ర' వాట్సాప్ ఉంది, 2025 జనవరిలో వచ్చింది, నెంబరు 95523 00009. అక్కడా ఇక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. దానికీ కదలకపోతే పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు చట్టం కింద "మా ఫలానా నెంబరు అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు?" అని ఒక్క ముక్క అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నా అనుభవంలో జవాబు కంటే ముందు పనే జరిగిపోయిన సందర్భాలున్నాయి. చాలామంది మొదటి మెట్టు ఎక్కకుండానే కలెక్టర్ దగ్గరికి పోతారు. అక్కడ్నుంచి అది తిరిగి మన సచివాలయానికే వస్తుంది, మధ్యలో పది రోజులు పోతాయి.

ఏటి ఒడ్డున ఉండి కూడా మనకు కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజేనా?

అందరికంటే ఎక్కువసార్లు అడిగేది ఇదే, కొంచెం ఓపిగ్గా చదవండి. మన ఊరికి నీళ్ళు తుంగభద్రవే. పైన సుంకేసుల బ్యారేజీ దగ్గర నిలిచిన నీళ్ళు కేసీ (కర్నూలు–కడప) కాలువకూ, మన తాగునీటికీ ఆధారం. 1860లలో తవ్విన కాలువ అది, అప్పట్లో సాగుకే కాదు పడవలు నడపడానికి కూడా అనుకుని తవ్వారు. సుంకేసులలో పట్టేది 1.2 టీఎంసీలే. వేసవిలో పైనుంచి ఏరు పారకపోతే ఆ నిల్వ చూస్తుండగానే అడుగంటుతుంది. అప్పుడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకు, హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టు వైపు చూడాలి. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన కాలనీలో పెద్దవాళ్ళంతా టీవీల ముందు టెన్షన్‌గా కూర్చున్నది అందుకే. అది వరద భయం మాత్రమే కాదు, ఆ నీళ్ళు ఊరికే పోతే మళ్ళీ మార్చిలో మనకు ఏం మిగులుతుందన్న భయం కూడా.

ఇక ఊరి లోపలి సంగతి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఒకటి, లైన్లు చాలా. అన్ని లైన్లకూ ఒకేసారి వదిలితే చివరి ఇంటికి చుక్క రాదు. అందుకే వాల్వు తిప్పే మనిషి ఒక్కో వీధికి వంతు పెడతాడు. మన ఆరో లైను ఎత్తులో ఉంది, అక్కడ ప్రెషర్ తక్కువ. ఆ లైనువాళ్ళకు వంతు అరగంట పెంచమని అర్జీ ఇచ్చాం, ఫైల్లో ఉంది.

మోటారు పెట్టి లాగితే తప్పేముంది? అందరూ లాగుతున్నారు కదా!

కొళాయి లైనుకు నేరుగా మోటారు బిగించడం నేరం, కనెక్షన్ కోసేయొచ్చు. కానీ నేను చట్టం చెబితే వినరని తెలుసు కాబట్టి ఇంకో సంగతి చెబుతాను.

మన తాగునీటి పైపు చాలాచోట్ల మురుగు కాలువ పక్కనే, కొన్నిచోట్ల దాని లోపల్నుంచే పోతుంది. నీళ్ళు మామూలుగా వచ్చేటప్పుడు పైపులో ఒత్తిడి లోపల్నుంచి బయటికి ఉంటుంది. పగులు ఉన్నా నీళ్ళు కారతాయి తప్ప మురుగు లోపలికి రాదు. మీరు మోటారు వేయగానే పైపు పీల్చడం మొదలుపెడుతుంది. ఆ పగుల్లోంచి కాలువ నీళ్ళు లోపలికి వస్తాయి. ఆ నీళ్ళు మీ సంపులోకే రావాలని లేదు, పక్కింట్లో పసిబిడ్డ ఉన్న ఇంటి బిందెలోకీ పోవచ్చు. రెండేళ్ళ కింద నాలుగో లైన్లో వరసగా ఐదిళ్ళలో విరేచనాలు పట్టుకున్నప్పుడు నేను ఒక బకెట్ పట్టి చూశాను. నీళ్ళు అంత పచ్చగా లేవు, కానీ ముఖం దగ్గర పెట్టుకుంటే కాలువ వాసన. పగులు ఎక్కడుందో వెతికితే వాళ్ళ వీధిలో కాదు, పై వీధిలో మోటారు ఉన్న ఇంటి ముందు దొరికింది.

సంపు కట్టుకోండి. నీళ్ళు వాటంతట అవి సంపులో పడనివ్వండి, అక్కడ్నుంచి మిద్దె మీదికి మోటారు వేసుకోండి. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. వంతు నీళ్ళు మొదలైన తొలి ఐదు నిమిషాలవి మొక్కలకు పోయండి. క్లోరిన్ వాసన కొంచెం వస్తే భయపడకండి, అసలు రాకపోతే భయపడండి. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. అనుమానం వస్తే సచివాలయంలో చెప్పండి, చుక్కల మందు వేసి అక్కడికక్కడే చూపిస్తారు.

ఇంకుడు గుంత మన ఎండలకు ఏం పనికొస్తుంది? వానే లేదు కదా.

వాన లేదనుకుంటాం గానీ లెక్క వేసి చూడండి. చదరపు మీటరు మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే సుమారు 93 చదరపు మీటర్లు. మన దగ్గర ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడిందనుకున్నా 55 వేల లీటర్లు. ఆవిరై, కారిపోయి ఐదో వంతు పోయినా తొమ్మిది ట్యాంకర్ల దగ్గర నీళ్ళు మీ బోరు పక్కన ఇంకుతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకరుకు మేలో ఎంత ఇస్తున్నారో మీకే తెలుసు.

హంద్రీకి వరద వస్తుందంటే ఏం చేయాలి?

2009 అక్టోబర్ 2 చూసినవాళ్ళు ఈ ప్రశ్న అడగరు. తర్వాత ఊరికి వచ్చినవాళ్ళు అడుగుతారు, అందుకే రాస్తున్నాను.

అప్పుడు మేము వన్ టౌన్‌లో బాడుగకు ఉండేవాళ్ళం. ఒకవైపు తుంగభద్ర సుంకేసుల మీదుగా పొర్లి వచ్చింది. ఇంకోవైపు హంద్రీ నిండుగా వచ్చింది. ఏరే నిండి ఉంటే వంక ఎక్కడ కలుస్తుంది? హంద్రీ వెనక్కి ఎగదన్నింది. కింద శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద. ఆ డ్యాం తట్టుకునేలా కట్టింది 19 లక్షలకు. అన్నీ కలిసి రెండు ఏర్ల మధ్య ఉన్న పాత ఊరు మునిగింది. మిద్దెల మీద రెండు రాత్రులు గడిపినవాళ్ళు మన కాలనీలో ఇప్పుడూ ఉన్నారు. నీళ్ళు తీశాక ఇంట్లోకి పోతే గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత. మా పక్కింటి చాచా తన పొలం దస్తావేజుల్ని ఒక్కో కాగితం విడదీసి, బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరబెట్టాడు. స్టాంపు పేపర్ల మీది సిరా అంతా నీలంగా అల్లుకుపోయి, పేరు కూడా చదవడానికి రాలేదు.

కాబట్టి ముందు కాగితాలు. దస్తావేజులు, పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు జిప్ కవర్లో పెట్టి మిద్దె గదిలో, వీలైనంత ఎత్తులో పెట్టండి. వీలైనవి డిజీలాకర్‌లో వేసుకోండి. రెండోది, సుంకేసుల గేట్లు ఎత్తారన్న వార్త, గాజులదిన్నె గేట్లు ఎత్తారన్న వార్త ఒకే రోజు వస్తే ఆ రాత్రి నిద్ర పోకండి. ఒక్కటి వస్తే మామూలే. మూడోది, నీళ్ళు వాకిలి ఎక్కేముందే మెయిన్ ఆఫ్ చేయండి, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసేయండి. జిల్లా కంట్రోల్ రూం 1077, ఏ ఆపదకైనా 112. మన కాలనీలో మంచం పట్టిన పెద్దవాళ్ళు ఎవరి ఇళ్ళలో ఉన్నారో నా దగ్గర జాబితా ఉంది. మొదట వాళ్ళను దాటిస్తాం. మీ ఇంట్లో ఎవరైనా అలా ఉండి నాకు చెప్పకపోతే ఈ రోజే చెప్పండి.

ఇంకో మాట. పాత ఇల్లు పడగొట్టిన రబ్బీసు ట్రాక్టరుతో తీసుకుపోయి హంద్రీ గట్టు మీద పోసేవాళ్ళకు: ఆ ఏరు ఇరుకైతే నీళ్ళు ఎటు వస్తాయో మళ్ళీ చెప్పాలా?

చెత్త పన్ను తీసేశారు కదా, మరి నెలకింత అని మీరెందుకు వసూలు చేస్తున్నారు?

చెత్త పన్ను 2024లో రద్దయింది. ఆ పేరుతో ఎవరడిగినా ఇవ్వకండి, నాకు చెప్పండి. మేము తీసుకునేది సంఘం చందా, దానికి రసీదు ఇస్తాం. పార్కు వాచ్‌మన్ జీతం, సీసీ కెమెరాల రిపేరు దాంట్లోంచే.

చెత్త వేరు చేయడం మాత్రం రద్దు కాలేదు. పచ్చ డబ్బాలో తడి, నీలంలో పొడి, ఎరుపులో ప్రమాదకరమైనవి: బల్బులు, బ్యాటరీలు, వాడిన సూదులు, కాలం చెల్లిన మందులు. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వండి. మొన్న ఉగాది తర్వాత చెత్త బండి మీద వచ్చే అక్క ఒకామె అరచేయి చూపించింది. ఎవరో పగిలిన గాజు గ్లాసును అన్నం మెతుకులతో కలిపి కవర్లో కట్టిచ్చారు. బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా తెగింది. ఆ కవరు ఏ ఇంటిదో ఆమెకు తెలుసు, చెప్పలేదు. గాజు పగిలితే అట్టపెట్టెలో పెట్టి, "గాజు" అని నోటితో చెప్పి చేతికివ్వండి.

ఫాగింగ్ ఎప్పుడు చేయిస్తారు?

అడిగితే చేస్తారు, చేయించాం కూడా. కానీ ఆ పొగకు చచ్చేది ఎగిరే దోమే. మీ కూలర్ ట్రేలో ఉన్న పురుగులకు ఏమీ కాదు, వారంలో మళ్ళీ దోమలై లేస్తాయి. డెంగీ దోమ మురుగులో పెట్టదు గుడ్లు, మంచి నీళ్ళలో పెడుతుంది, పగలు కుడుతుంది. అంటే అది కాలువది కాదు, మన ఇంటిదే. మూత సరిగా పడని సంపు, ఎండాకాలం పోయినా కడగని కూలర్, కుండీ కింది పళ్ళెం, మిద్దె మీద పడేసిన టైరు. గుడ్డు దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు కాబట్టి వారానికోసారి, శుక్రవారం, అన్నీ ఒంపి బోర్లిస్తే చాలు. పోయిన ఆగస్టులో ఇరవై ఇళ్ళు తిరిగి చూశాం. పురుగులు దొరికిన ఇళ్ళలో మాదీ ఒకటి, తులసి కోట వెనకాల పెట్టి మర్చిపోయిన పెయింట్ డబ్బాలో. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కుక్కల్ని పట్టించి ఊరి బయట వదిలేయించొచ్చు కదా?

కుదరదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులోనూ ఇదే ఉంది. పిచ్చి పట్టినవాటిని, మనుషుల మీద పడే స్వభావం ఉన్నవాటిని మాత్రం తిరిగి వదలకూడదు. అదే ఏడాది నవంబర్‌లో స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తీసిన కుక్కల్ని మళ్ళీ అక్కడ వదలొద్దని చెప్పింది. చెవి కొస కత్తిరించి ఉంటే దానికి ఆపరేషన్ అయినట్టు గుర్తు. కాలనీలో లెక్కపెట్టాం, ముప్పై నాలుగు కుక్కలకు పదకొండింటికే ఆ గుర్తు ఉంది. మిగతావాటి కోసం అర్జీ నడుస్తోంది.

తిండి పెట్టేవాళ్ళకూ కొట్టేవాళ్ళకూ మధ్య ప్రతి మీటింగులో గొడవే. నా అభిప్రాయం అడిగితే, ఇద్దరిదీ సగం న్యాయం. పెట్టొద్దని చట్టం అనలేదు, ఎక్కడబడితే అక్కడ పెట్టొద్దంది. అందుకే నీళ్ళ ట్యాంకు వెనకాల ఒక చోటు అనుకున్నాం. పిల్లలు స్కూలుకు పోయే టైంలో, ఇళ్ళ గేట్ల ముందు వద్దు. అసలు ఆదివారం పూట చికెన్ అంగడి పక్కన కవర్లలో పడేసే పేగులు ఆగితే సగం కుక్కలు మన మూలకు రావు. అంగడి భాయ్‌తో మాట్లాడాం, డ్రమ్ము పెడతానన్నాడు. మూత ఉన్నదే పెట్టమన్నాం.

కరిస్తే?

దీన్ని విడిగా రాస్తున్నాను, ఫోటో తీసి పెట్టుకోండి. వెంటనే కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి. పసుపు, కారం, సున్నం ఏదీ పూయొద్దు. గుడ్డతో గట్టిగా కట్టొద్దు. పెద్దాసుపత్రికి పోండి, టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇంకో ఇంజెక్షన్ కూడా వేస్తారు, అడగండి. "కుక్క బాగానే ఉంది, పది రోజులు చూద్దాం" అని ఆగకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. రెండు సూదులయ్యాక నొప్పి తగ్గిందని మానేసినవాళ్ళు మన కాలనీలోనే ముగ్గురున్నారు. వాళ్ళకు 28వ రోజు గుర్తు చేయడం కూడా నా డ్యూటీ అయిపోయింది.

పక్క ప్లాటులో కంప పెరిగి పాములొస్తున్నాయి. ఓనర్ బెంగళూరులో ఉన్నాడు.

సర్వే నెంబరు, ప్లాటు నెంబరు రాసి సచివాలయంలో ఇవ్వండి. ఖాళీ స్థలానికీ పన్ను ఉంటుంది కాబట్టి ఓనర్ వివరాలు కార్పొరేషన్‌లో దొరుకుతాయి, నోటీసు ఇస్తారు. మేము నేరుగా ఫోన్ చేసి అడిగితే ఎక్కువమంది జేసీబీ ఖర్చు పంపుతున్నారు. పంపనివాళ్ళ సంగతి వదిలేద్దాం.

పాము కరిస్తే పైన కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం దగ్గరికి పోవద్దు. కాలు కదలకుండా ఉంచి, 108 వచ్చేలోపు ఆటో దొరికితే ఆటోలోనే పెద్దాసుపత్రికి పోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటికీ విరుగుడు మందు ఒకటే కాబట్టి పామును చంపి తీసుకుపోవాల్సిన పని లేదు. కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారి రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది అంటే అనుమానించండి.

పార్కు స్థలం మాదే అంటూ ఒకాయన రాళ్ళు పాతాడు. నిజమేనా?

కాదు. అనుమతి ఉన్న లేఔట్‌లో పదో వంతు భూమిని ఖాళీ స్థలంగా వదిలి మున్సిపాలిటీకి రాసివ్వాలి. మన లేఔట్ నకలు, ఆ గిఫ్ట్ డీడ్ నకలు రెండూ నీలం ఫైల్లో ఉన్నాయి. రాళ్ళు పాతిన రోజే ఫోటోతో ఫిర్యాదు ఇచ్చాం. దీని మీద ఇంతకంటే ఇక్కడ రాయను, విషయం నడుస్తోంది.

ఇంటి పన్ను ఏటేటా పెరుగుతూనే ఉంది. తప్పు వేశారా?

తప్పు కాకపోవచ్చు. 2021–22 నుంచి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. కొత్త లెక్కకూ పాత లెక్కకూ ఉన్న తేడా ఒక్కసారిగా మీద పడకుండా, ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుతూ పోతున్నారు. అందుకే మెట్లు ఎక్కినట్టు ఉంటుంది. కానీ మీ ఇంటి కొలత ఎక్కువ పడిందేమో ఒకసారి డిమాండ్ నోటీసు చూడండి. రెండో లైన్లో ఒకరికి లేని పై అంతస్తుకు పన్ను పడింది, అర్జీ పెడితే సరిచేశారు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. మార్చిలో వడ్డీ మాఫీ ప్రకటిస్తారని ఎదురుచూసేవాళ్ళకు నేను సలహా ఇవ్వను, ప్రకటించని ఏడాది నన్ను పట్టుకుంటారు.

మిద్దె మీద సోలార్ పెట్టుకుంటే గిట్టుతుందా?

ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారంటే మన ఎండకు ఉన్న విలువ తెలుస్తుంది. పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేలు, మూడు కిలోవాట్లు ఆ పైన 78 వేల దాకా సబ్సిడీ. నెలకు 300 యూనిట్లు దాటే ఇళ్ళు ఆలోచించండి. 80 యూనిట్ల ఇంటికి తొందర లేదు. పలకల మీద దుమ్ము తుడవకపోతే ఏదీ గిట్టదు.

వినాయక చవితి చందా తప్పనిసరా? మైకు సంగతేంటి?

తప్పనిసరి కాదు. పిల్లలు వస్తే మీకు తోచింది ఇవ్వండి, ఇంత ఇవ్వాల్సిందే అని ఎవరైనా అంటే మాకు చెప్పండి. కర్నూల్లో తొమ్మిదో రోజు నిమజ్జనం ఎంత పెద్ద పండగో నాకు తెలుసు, కేసీ కాలువ మీది వినాయక ఘాట్‌కు నేనూ పోతాను. కానీ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వద్దని నిబంధన, అది మన వీధికీ వర్తిస్తుంది. కేసీ కాలువ నీళ్ళు నంద్యాల, కడప దాకా పొలాలకు పోతాయి కాబట్టి రెండేళ్ళుగా మన మండపంలో మట్టి బొమ్మే. ఎత్తు తగ్గిందని కుర్రాళ్ళు అలిగారు. లడ్డు పెద్దది చేయించి సర్దిచెప్పాం.

సీబీఐ నుంచి అని వీడియో కాల్ వస్తే?

పెట్టేయండి. 'డిజిటల్ అరెస్టు' అనేది ఏ చట్టంలోనూ లేదు. మన కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారిని గదిలో తలుపేసుకుని కూర్చోమని, కెమెరా ముందు నుంచి కదలొద్దని మూడు గంటలు బెదిరించారు. భోజనానికి పిలిస్తే రావడం లేదని వాళ్ళ ఇంటావిడ, పెరుగు గిన్నె తిరిగి ఇచ్చే వంకతో మా ఇంటికి వచ్చి చెప్పింది. పోయేసరికి ఆయన చేతిలో చెక్కుబుక్కు ఉంది. డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి చేయండి, ఎంత తొందరగా చెబితే అంత ఆపగలుగుతారు. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టినవాళ్ళకు రూపాయి కూడా వెనక్కి రాలేదు.

బాడుగకు ఉండేవాళ్ళు సంఘంలో చేరొచ్చా?

చేరొచ్చు, రావాలి కూడా. ఓటు మాత్రం ఇంటికి ఒకటి. ఓనర్ వేరే ఊళ్ళో ఉంటే ఆయన రాసిచ్చిన కాగితంతో మీరే వేయొచ్చు. చందా లెక్కలు ప్రతి మూడు నెలలకు పార్కు గోడ మీద అంటిస్తాం. చదివే నలుగురికీ కృతజ్ఞతలు.

మీటింగు ఎప్పుడు?

నెలలో మొదటి ఆదివారం, ఉదయం ఏడుకు, పార్కులో వేపచెట్టు కింద. తొమ్మిది దాటితే మన ఎండకు కూర్చోలేం కాబట్టి ఏడంటే ఏడే. అర్జీ ఇవ్వాలనుకున్నవాళ్ళు రెండు కాపీలు, ఒక ఫోటో తెచ్చుకోండి. తెల్ల కాగితాలు, ప్యాడు నా దగ్గర ఉంటాయి. కుర్చీలు ఇరవయ్యే ఉన్నాయి, పోయిన నెల ఎవరో పెళ్ళికని తీసుకుపోయిన ఆరు ఇంకా రాలేదు. ఎవరి దగ్గరున్నాయో వాళ్ళకు తెలుసు.